మూత మీద పేరు

తెర మీద మనిషి చచ్చిపోతున్నాడు. గదిలో ఉన్న ఇద్దరూ కాఫీ ముట్టలేదు.

ఏదో ఎయిర్‌పోర్టు క్లినిక్. నేల మీద పడి ఉన్నాయన ఆయుధాల ఇన్‌స్పెక్టరు. డాక్టరమ్మ ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. మానిటర్ మీద అంకె కదల్లేదు. రెండోది ఇచ్చింది. కదల్లేదు. మూడోది కూడా ఇచ్చి, అందులో ఉన్నది మందా మంచినీళ్ళా అన్నట్టు సిరంజి వైపు అనుమానంగా చూసింది.

చీఫ్ వీడియో ఆపాడు.

"మందు మంచిదే. టెస్ట్ చేయించారు. గుండే పలకలేదు. ఇలాంటి కేసు మన రికార్డుల్లో ఇంకొక్కటే ఉంది."

"చెప్పక్కర్లేదు సార్. మా అక్కది."

అతన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ తమ్ముడు అనే పిలుస్తారు. కోడ్‌నేమ్ కూడా అదే. అక్క డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో సైంటిస్టు. అతను ఉద్యోగంలో చేరిన రోజు ఆవిడ పనిగట్టుకుని వచ్చి, గేటు కాపలావాడి దగ్గర్నించి డైరెక్టరు దాకా అందరికీ "మా తమ్ముడండీ, కాస్త చూసుకోండి" అని ఒప్పజెప్పి వెళ్ళింది. నాలుగు భాషలొచ్చిన మనిషి, చీకట్లో తుపాకీ విప్పి బిగించగల మనిషి పరువు మొత్తం ఆ ఒక్క మాటతో గంగలో కలిసింది. పేరు మిగిలింది. ఆ పేరుతో పిలిచే హక్కున్న మనిషి ఏడు నెలల క్రితం పోయింది.

అక్కకి చిన్నప్పట్నించీ వేరుశెనగ పడదు. పొరపాటున తగిలితే గొంతు వాచిపోయి బీపీ పడిపోతుంది. అందుకే హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఎడ్రినలిన్ పెన్నులు రెండు ఉండేవి. తొడ మీద గుచ్చుకుంటే నిమిషంలో మనిషి లేచి కూర్చుంటుంది. ఆ పెన్నులు కొని తెచ్చే పని తమ్ముడిది. ఆ రోజు ల్యాబ్ క్యాంటీన్‌లో అక్క ఒక పెన్ను గుచ్చుకుంది. తర్వాత రెండోది. రెండూ పని చెయ్యలేదు. ఎంక్వైరీ రిపోర్టు పద్నాలుగో పేజీలో ఒకే వాక్యం రాశారు: "మృతురాలి సోదరుడు కొనుగోలు చేసిన పెన్నులు గడువు తీరినవి."

అమ్మ ఆ పేజీ చదివింది. మడిచి బీరువాలో పెట్టింది. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడలేదు. అన్నం పెడుతుంది, బట్టలు మడతపెట్టి మంచం మీద ఉంచుతుంది, బెల్లు కొడితే తలుపు తీస్తుంది. నోరు మాత్రం విప్పదు. తిట్టినా బాగుండేది. తేదీ చూసే కొన్నానని అతను మొదటి నెలంతా ఒట్టేసి చెప్పాడు. ఏడో నెల వచ్చేసరికి అతనికే నమ్మకం సడలింది.

"విషం పేరేంటి సార్?"

"పేరు లేదు, నంబరే. నలభై ఒకటి. మీ అక్క చేసిందే."

"మా అక్క విషాలు చెయ్యదు."

"గుండె మందు చెయ్యబోయింది. నలభై ఒకటో ప్రయత్నం బెడిసికొట్టింది. నోట్‌బుక్‌లో 'పనికిరాదు, పారెయ్యాలి' అని రాసింది. ల్యాబ్ ఫ్రీజర్‌లో పెట్టింది ఎవరు పారేస్తారు? అట్టపెట్టెలో అలాగే ఉండిపోయింది. ఎవరో ఎత్తుకుపోయి విదేశీ ముఠాకి అందించారు. నాయకుడి కోడ్‌నేమ్ పరదేశి. ముఖం ఎవరికీ తెలీదు."

"టార్గెట్?"

"మాస్టారు."

అక్కకి పాఠం చెప్పిన ప్రొఫెసరు. రేపు పదకొండు గంటలకి, ఇన్‌స్పెక్టరు చావు మీద వేసిన ఎంక్వైరీ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం. నలభై ఒకటి ఎలా చంపుతుందో, ఎక్కడ పుట్టిందో చెప్పగలిగింది ఆయనొక్కడే. ఆయన చెబితే ముఠా ఆట కట్టు.

"ఆయనకి ఉబ్బసం," అన్నాడు చీఫ్. "నలభై ఒకటి కడుపులో పడితే గంటలో ఊపిరాడదు, ఇన్‌హేలర్ పని చెయ్యదు. ముసలాయన రోగంతో పోయాడని జనం సానుభూతి చెప్పి వెళ్ళిపోతారు. నాకు రెండు కావాలి. మాస్టారు బతకాలి. ముఠాలో ఎవరు దొరికినా ప్రాణాలతో దొరకాలి."

"మొదటిది గ్యారంటీ సార్."

చీఫ్ అతని ముఖంలోకి చూసి, ఆ సంగతి అక్కడితో వదిలేశాడు. "నీకు తోడుగా మన ఏజెంటు ఒకావిడ వస్తున్నారు. ఏడాదిన్నరగా ముఠాలో మన మనిషిగా ఉన్నారు. నీకు తెలిసినావిడే."

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. ఆకుపచ్చ సిల్కు గౌను, మెడలో ముత్యాలు, నడుస్తుంటే గదే పక్కకి తప్పుకున్నట్టుండే నడక. కోడ్‌నేమ్ నెమలి. ఒకప్పుడు అక్క కింద పనిచేసిన సైంటిస్టు, ఆ తర్వాత కూడా ల్యాబ్‌కి వస్తూపోతూ ఉండేది.

"చిక్కిపోయావు తమ్ముడూ," అంది.

"మీరు బాగున్నారు," అన్నాడతను.

* * *

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌కి ఒక ఫ్రీజర్ మెకానిక్ వచ్చాడు. ఖాకీ బట్టలు, గుబురు మీసం, చేతిలో టూల్ బాక్సు. దొంగ లోపలివాడైతే తమ్ముడు వచ్చాడన్న కబురు క్షణంలో పాకిపోతుంది. మెకానిక్‌ని ఎవరూ పట్టించుకోరు. పైగా "ఇంతకాలానికి దయ కలిగిందా" అని దెప్పుతారు. దెప్పించుకుంటూనే అతను మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ తెరిచాడు.

అక్క పెట్టె మూడో అరలో ఉంది. వరసకి తొమ్మిది చిన్న సీసాలు, తొమ్మిది వరసలు. ప్రతి సీసా ఒంటి మీద అక్క గుండ్రటి దస్తూరీ. మూతల మీద ఒక్క గీత లేదు. కొత్తగా చేరిన వాళ్ళందరికీ ఆవిడ చెప్పే మొదటి పాఠం అదే: "మూత మీద రాయొద్దు. రెండు సీసాలు ఒకేసారి విప్పితే మూతలు మారిపోతాయి. సీసా మీద రాయి." ఇంట్లో పోపుడబ్బాల విషయంలోనూ ఇదే గొడవ పెట్టి అమ్మ ప్రాణం తీసేది.

నలభై ఒకటో గడి ఖాళీగా లేదు. అందులోనూ సీసా ఉంది. కానీ దాని ఒంటి మీద ఏమీ లేదు. మూత మీద మాత్రం 41 అని, పక్కకి వాలిన సన్నటి అంకెలు, ఒకటికి కింద చిన్న తోక. అసలు సీసా ఎత్తుకుపోయిన వాళ్ళు గడి ఖాళీగా కనపడకుండా ఉత్త సీసా పెట్టి, అలవాటు చొప్పున మూత మీద నంబరు వేసి పోయారు.

చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా తమ్ముడు ఆ మూతని చాలాసేపు చూశాడు. ఏడు నెలలుగా ఎవరి మీద పగపట్టాలో తెలియక తన మీద తనే పట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పగకి ఒక దస్తూరీ దొరికింది.

* * *

మాస్టారిని దాచిన ఫ్లాటు ఒక డ్రై క్లీనింగ్ షాపు పైన ఉంది. మెట్ల మీద ఎప్పుడూ ఆవిరి, ఇస్త్రీ బట్టల వాసన. కోడ్ కూడా దానికి తగ్గట్టే పెట్టారు. కాపలావాడు "చొక్కా ఇస్త్రీ అయిందా?" అని అడగాలి. వచ్చినవాడు "కాలర్ మిగిలింది" అనాలి. కాలర్ మీద మరక అంటే విషం. చొక్కాలంటే మనుషులు. నిజంగా చొక్కా కోసం వచ్చిన ఒక పెద్దమనిషిని మొన్న అరగంట సోదా చేశారు.

మాస్టారు సాక్ష్యం రిహార్సల్ చేస్తున్నారు.

"కూర్చో. కమిషన్‌లో ఒక్కడూ సైన్సు చదవలేదు. నీకర్థమైతే వాళ్ళకీ అర్థమవుతుంది. ఎడ్రినలిన్ ఏం చేస్తుంది?"

"గుండెని పరిగెత్తిస్తుంది."

"లోపలికి వెళ్ళా?"

"వెళ్ళదా?"

"గుమ్మం కూడా దాటదు, అంత మర్యాదస్తురాలు. ప్రతి కణం ఒక ఇల్లు అనుకో. గోడకి బయటివైపు కాలింగ్ బెల్లు. అదే రిసెప్టర్. హార్మోన్ వీధిలోంచి వచ్చి బెల్లు నొక్కుతుంది. దాని పని అంతే. లోపల జీ-ప్రొటీన్ అని ఒక గుమాస్తా ఉంటాడు. బెల్లు మోగగానే లేచి పక్కనున్న మిషను తిప్పుతాడు. మిషను చీటీలు గుద్దుతుంది. సైక్లిక్ ఏఎంపీ అంటారు వాటిని. ఒక్క మోతకి వేల చీటీలు. అవి ఇల్లంతా తిరిగి కబురు చెబుతాయి. గుండె అయితే గట్టిగా కొట్టుకుంటుంది. ఊపిరి గొట్టం అయితే తెరుచుకుంటుంది."

"నలభై ఒకటి?"

"బెల్లు మీద అంటించిన చూయింగ్ గమ్. అది నొక్కదు, ఇంకొకళ్ళని నొక్కనివ్వదు. వీధిలో ఎడ్రినలిన్ బస్తాలకొద్దీ వచ్చి నిలబడినా లోపల గుమాస్తా గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు. మూడు రోజులు వదలదు." మాస్టారు ఇన్‌హేలర్ తీసి ఒకసారి పీల్చుకున్నారు. "మీ అక్క పెన్నులో లోపం లేదురా. బెల్లే మూసేశారు."

తమ్ముడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇంకో దారి లేదా మాస్టారూ?"

"ఉంది. అదే గోడకి ఇంకో బెల్లుంది, గ్లూకగాన్ అనే హార్మోన్‌ది. షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో పెట్టుకుంటారు చూడు, ఆ ఇంజెక్షనే. అది మోగినా లేచేది అదే గుమాస్తా. ఎవరు నొక్కారని అడగడు. ఐదు పెట్టెలు కలిపి నేరుగా సిరలోకి ఎక్కించాలి. కడుపులో తిప్పి వాంతవుతుంది, కానీ ఆసుపత్రికి చేరేదాకా ప్రాణం నిలుస్తుంది. ఇది కూడా చెప్పనా రేపు?"

"ఇది మాత్రం ఎవరికీ చెప్పకండి."

సందు చివరి మందుల షాపులో ఐదు పెట్టెలు దొరికాయి. ప్రతి పెట్టె మీదా తేదీ నాలుగేసి సార్లు చూశాడు. షాపాయన విసుక్కున్నాడు. "తేదీ మారదండీ, ఎన్నిసార్లు చూసినా అదే." తమ్ముడు ఐదోసారి కూడా చూశాడు.

* * *

మర్నాడు పొద్దున్న ఎనిమిదికి అతను ఫ్లాటుకి వచ్చేసరికి వంటిల్లు సర్ది ఉంది. నెమలి ఏడింటికే వచ్చింది. సామాన్లు తనే తెచ్చింది.

"మాస్టారి నోట్లోకి వెళ్ళే ప్రతిదీ నా చేతి మీదుగానే వెళ్ళాలి," అని కాపలావాళ్ళకి స్ట్రిక్టుగా చెప్పిందట. వాళ్ళు ఆవిడ బాధ్యతకి పొంగిపోయారు.

తమ్ముడు గ్లాసు కోసం అలమర తెరిచాడు. వరసగా డబ్బాలు. కాఫీ పొడి, పాలపొడి, ఉప్పు. ఒక్క డబ్బా ఒంటి మీద కూడా అక్షరం లేదు. పేర్లన్నీ మూతల మీదే ఉన్నాయి. పక్కకి వాలిన సన్నటి అక్షరాలు, చివర్లో చిన్న తోక. ముందు వరసలో అగ్గిపెట్టంత రేకు డబ్బాలు రెండు, ఒకదానికొకటి కవలలు. రెంటిలోనూ షుగర్‌ఫ్రీ తెల్ల పొడి. ఒక మూత మీద "మాస్టారు". ఇంకో మూత మీద "నేను".

హాల్లోంచి నెమలి నవ్వు వినపడుతోంది. మాస్టారికి టై కడుతోంది.

చీఫ్‌కి చెప్పొచ్చు. చెబితే ఆమెని పట్టుకుంటారు, లాయరు వస్తాడు, పొడి ఎవరిదో తెలీదంటుంది, పరదేశి విమానం ఎక్కేస్తాడు. ఇదంతా డ్యూటీ లెక్క. తమ్ముడి మనసులో ఉన్నది అది కాదు. అక్క పోయినప్పుడు అందరికంటే గట్టిగా ఏడ్చింది ఈవిడే. అమ్మని పట్టుకుని ఏడ్చింది. అది గుర్తుకురాగానే అతని చేతులు వాటంతటవే కదిలాయి. రెండు మూతలూ విప్పాడు. మార్చి పెట్టాడు.

ఆమె అమాయకురాలైతే ఏమీ జరగదు. రెండు డబ్బాల్లోనూ షుగర్‌ఫ్రీయే ఉంటుంది. కాకపోతే, ఎవరికి పెట్టాలనుకున్నది వాళ్ళకి కాకుండా పెట్టినవాళ్ళకే చేరుతుంది.

వాచ్‌మేకర్ పంపిన పట్టీలు ముగ్గురి చేతులకీ కట్టాడు. వాచ్‌మేకర్ అంటే డిపార్ట్‌మెంట్ పరికరాలు చేసే పెద్దాయన. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు కాబట్టి ఏం అడిగినా గడియారమే చేసిస్తాడు. ముగ్గురి నాడీ తమ్ముడి వాచీలో కనపడుతుంది.

"నా ముత్యాలకి ఇది బొత్తిగా నప్పలేదు," అని మూతి ముడిచింది నెమలి. అయినా కట్టుకుంది.

తొమ్మిదిన్నరకి కాఫీ కలిపింది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె "మాస్టారు" మూత విప్పి ఒక చెంచా పెద్దాయన కప్పులో వేసింది. "నేను" మూత విప్పి ఒక చెంచా తన కప్పులో వేసుకుంది. డబ్బాల వైపు కన్నెత్తి చూడలేదు, మూతలే చదివింది.

"నీకెంత?"

"నాకు వద్దండీ. చేదు అలవాటైపోయింది."

మాస్టారు గుటక వేస్తుంటే తమ్ముడు వాచీ చూసుకున్నాడు. మాస్టారు 84. నెమలి 78. తను 118. తన బెల్లులన్నీ బ్రహ్మాండంగా మోగుతున్నాయి.

* * *

కారులో, పదీ ఇరవైకి: మాస్టారు 82, నెమలి 70.

కమిషన్ భవనం లిఫ్టులో: మాస్టారు 85, నెమలి 61.

సాక్షుల గదిలో ఒక బెంచీ, ఫైళ్ళ ర్యాకు, గోడ గడియారం ఉన్నాయి. పదీ నలభై. నెమలి ముఖానికి పౌడరు అద్దుకుంటూ మాస్టారిని ఓరకంట చూస్తోంది.

"ఊపిరి బాగానే ఆడుతోందా మాస్టారూ?"

"ఆడుతోందమ్మా."

రెండు నిమిషాలాగి మళ్ళీ అడిగింది. ఇంకో రెండు నిమిషాలాగి మళ్ళీ.

"మా ఆవిడ కూడా ఎన్నడూ ఇంత శ్రద్ధగా కనుక్కోలేదమ్మా," అన్నారు మాస్టారు, నిజంగానే కదిలిపోయి.

పదీ నలభై ఎనిమిదికి గార్డులు వచ్చి ఆయన్ని హాల్లోకి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. నెమలి లేవబోయి, ర్యాకు పట్టుకుని, మళ్ళీ కూలబడింది.

"కళ్ళు తిరుగుతున్నాయి తమ్ముడూ. కొంచెం నీళ్ళిస్తావా?"

తమ్ముడు కదల్లేదు. కాలర్‌లో ఉన్న మైక్ ఆన్ చేశాడు. "ఫ్రీజర్లో ఉత్త సీసా పెట్టి, మూత మీద నలభై ఒకటి అని రాసింది నువ్వే."

ఇన్నాళ్ళూ "మీరు" అన్నవాడు "నువ్వు" అన్నాడు. ఆమె అది కూడా గమనించింది. పెదాలు తెల్లబడ్డాయి, నుదుటి మీద చెమట పట్టింది. అలాంటి మాట వింటే ఎవరి గుండె అయినా నూట ఇరవై కొట్టుకోవాలి. అతను తన వాచీ ఆమె వైపు తిప్పాడు. ఆమె అంకె 48 నుంచి 47 అయింది. ఒంట్లో ఎడ్రినలిన్ వరదలా పారుతోంది, గుండెలోని ప్రతి కణం గుమ్మం ముందు నిలబడి బెల్లు నొక్కుతోంది. లోపల ఒక్కటీ మోగడం లేదు.

ఆమె సైంటిస్టు. ఆ అంకెని చూసింది, అతని ముఖం చూసింది, ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"మూతలు," అంది.

"మార్చాను."

జేబుల్లోంచి ఐదు పెట్టెలు తీసి బెంచీ మీద వరసగా పెట్టాడు. పేరు చదివి ఆమె గబుక్కున చెయ్యి చాపింది. అతను పెట్టెల్ని అందకుండా జరిపాడు.

"ఐదు సీసాలు, ఐదు ప్రశ్నలు. జవాబు చెబితే ఒక సీసా కలుపుతాను. అబద్ధం చెబితే నేలమీద పోస్తాను."

"అంత టైము లేదు."

"అక్కకీ లేదు. అక్క కాఫీలో నలభై ఒకటి కలిపిందెవరు?"

"నేనే."

మొదటి సీసాలో నీళ్ళు ఎక్కించి, పొడి కరిగేదాకా తిప్పి, సిరంజిలోకి లాగాడు. 45.

"వేరుశెనగ?"

"శాండ్‌విచ్‌లో. పొడి చేసి చల్లాను. తనకి పడదని తనే చెప్పింది నాకు, పక్కన కూర్చుని తింటున్నప్పుడు."

రెండో సీసా. కొంచెం మందు ఒలికింది. 43.

"పెన్నులు?"

ఆమె కళ్ళు మూసుకుంది. అతను మూడో సీసాని నేల వైపు వంచాడు.

"కొత్తవే," అంది గబగబా. "తేదీ ఇంకా ఏడాదిన్నర ఉంది. పాత లేబుళ్ళు తెచ్చి అంటించాను. అంబులెన్సు వచ్చేలోపు, కెమెరాకి వీపు పెట్టి."

మూడో సీసా కలపడానికి తమ్ముడికి కాసేపు చేతకాలేదు. ఏడు నెలలుగా రోజూ మనసులోనే మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడి, చేతిలో పెన్ను పట్టుకుని, తేదీ చూశానా లేదా అని తన్ను తను నిలదీసుకున్నాడు. చూశాడు. చూసే కొన్నాడు. ఆ ఒక్క ముక్క ఇప్పుడు ఈవిడ నోట్లోంచి రావాల్సొచ్చింది. అతనికి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు కూడా కోపంగానే వచ్చింది. 40.

"పరదేశి ఎవరు?"

"హాల్లో ఉన్నాడు. రెండో వరస. చెవి మిషను పెట్టుకున్న పరిశీలకుడు."

నాలుగో సీసా. మిగిలింది ఒక్క ప్రశ్న. అది ఏడు నెలలుగా నాలిక చివర ఉన్నదే. ఎందుకు చేశావు? నిన్ను చెల్లెల్లా చూసుకున్న మనిషిని ఎందుకు చంపావు? అడగడానికి నోరు తెరిచాడు. గడియారం పదీ యాభై ఎనిమిది చూపిస్తోంది. హాల్లో మాస్టారు నిక్షేపంగా ఉన్నారు, రెండో వరసలో ఒకడు ఆయన పడిపోతాడని ఎదురుచూస్తున్నాడు. పడకపోతే? ముఠా అన్నాక రెండో ఏర్పాటు లేకుండా ఉండదు.

తమ్ముడు తన ప్రశ్నని మింగేశాడు.

"మాస్టారు పడకపోతే ఏం చేస్తారు?"

"వినేవాళ్ళు పోతారు." ఆమె మాట పీలగా వస్తోంది. "టేబుల్ మీద జగ్గు. ప్రమాణం కాగానే చైర్మన్ అందరికీ పోస్తాడు. అలవాటు ఆయనకి."

"కాలర్ మీద మరక," అన్నాడు తమ్ముడు మైక్‌లో. "ఐదు చొక్కాలు. జగ్గులో. రెండో వరస, చెవి మిషను."

హాల్లో చీఫ్ గడ్డం అంటించుకుని ప్రెస్ ఫొటోగ్రాఫర్ల మధ్య నిలబడి ఉన్నాడు. మాస్టారు ప్రమాణం ముగించారు. చైర్మన్ ఐదు గ్లాసులు నింపి, తనది ఎత్తి, పెదవికి ఆనించాడు. సరిగ్గా అప్పుడు ఆ గడ్డం ఫొటోగ్రాఫరు "సార్, ఇటు చూడండి" అంటూ వెనక్కి నడిచి, వైరు తట్టుకుని, ఆకుపచ్చ టేబుల్‌క్లాత్ పట్టుకుని పడ్డాడు. జగ్గు, గ్లాసులు, మైకులు, చైర్మన్ కళ్ళజోడు అన్నీ ఆయన మీదే పడ్డాయి. రెండో వరసలో చెవి మిషను పెట్టుకున్నాయన లేచి మర్యాదగా తలుపు వైపు నడిచాడు. తలుపు దగ్గర నేల ఊడుస్తున్న ఇద్దరు చీపుర్లు పక్కన పెట్టి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. మాస్టారు గొంతు సవరించుకుని కాలింగ్ బెల్లు కథ మొదలుపెట్టారు.

సాక్షుల గదిలో ఐదో సీసా కూడా కలిసింది. సిరంజి నిండింది. 36.

"అన్నీ చెప్పాను కదా," అంది నెమలి. బెంచీ మీద పక్కకి ఒరిగిపోయింది. "ప్లీజ్."

చీఫ్ గొంతు చెవిలో పలికింది. "తమ్ముడూ. ప్రాణాలతో అన్నాను."

"విన్నాను సార్."

విని, అలాగే నిలబడ్డాడు. క్యాంటీన్ కెమెరా వీడియో అతనికి కంఠతా వచ్చు. రెండో పెన్ను గుచ్చుకున్నాక అక్క గోడకి ఆనుకుని, తన గుండె లేస్తుందని నలభై సెకన్లు ఎదురుచూసింది. ఎదురుచూస్తూ పెన్ను మీది తేదీ వైపు చూసుకుంది. ఆ చూపు కోసమైనా ఈవిడ చావాలి. చావాలనే అతను కోరుకుంటున్నాడు, అందులో దాపరికమేమీ లేదు. లోపల లెక్కపెట్టాడు. పది. ఇరవై. ముప్పై. నెమలి కళ్ళు సిరంజిని వదల్లేదు. ముప్పై తొమ్మిది. నలభై.

పద్నాలుగో పేజీ మారాలంటే టేపు చాలదు, ఆమె సంతకం కావాలి. శవం సంతకం పెట్టదు.

చెయ్యి చాపించి, సిర వెతికి, సూది గుచ్చాడు.

34. 34. 37. ఇంకో బెల్లు మోగింది. లోపల గుమాస్తా ఉలిక్కిపడి లేచాడు, ఎవరు నొక్కారని అడగలేదు. 45. 58. నెమలి పెద్దగా ఊపిరి తీసుకుని లేచి కూర్చుంది. మాస్టారు చెప్పినట్టే, కడుపులో ఉన్నదంతా తన సిల్కు గౌను మీదా, ముత్యాల మీదా కక్కుకుంది.

"అంబులెన్స్ కింద ఉంది," అన్నాడు తమ్ముడు. "మందు ఇరవై నిమిషాలే పని చేస్తుంది. నడుస్తావా, మోయించమంటావా?"

* * *

మూడు వారాల తర్వాత సవరించిన రిపోర్టు వచ్చింది. పద్నాలుగో పేజీలో "పెన్నులు గడువు తీరినవి కావు, లేబుళ్ళు మార్చబడినవి" అని రాసి, కింద నిందితురాలి సంతకం, పక్కన సాక్షుల సంతకాలు. ఫొటోగ్రాఫర్ల ప్రవేశం మీద కమిషన్ ఇంకా గుర్రుగానే ఉంది. అనుమతి లేకుండా మూతలు మార్చినందుకు తమ్ముడికి మెమో ఇచ్చారు. దాన్ని అతను కారు డ్యాష్‌బోర్డులో పడేశాడు.

రిపోర్టు మాత్రం ఇంటికి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, మంచినీళ్ళు తాగుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. అమ్మ చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. పద్నాలుగో పేజీ రెండుసార్లు చదివింది. చివరి పేజీ దాకా చదివింది. తర్వాత కొడుకు చెంప మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"చావనివ్వక సూది ఎందుకు వేశావురా?" అంది. ఏడు నెలల తర్వాత మొదటి మాట.

"ఈ కాగితం కోసం అమ్మా."

అమ్మ కాగితాన్ని మళ్ళీ చూసింది. "ఎందుకు చేసిందో అడిగావా?"

"టైము చాల్లేదు."

"ఎన్నేళ్ళు వేస్తారు?"

"బయటికి రాదు. బతికినంత కాలం లోపలే."

"చూడ్డానికి ఎప్పుడు వెళ్ళనిస్తారు?"

"మంగళవారం, శుక్రవారం. పది నుంచి పన్నెండు దాకా. ఎందుకు?"

"నేనడుగుతాను," అంది అమ్మ, గోడ మీది క్యాలెండర్ దించి పెన్సిల్ వెతుక్కుంటూ. "ఏడు నెలల మాటలు దాచిపెట్టి ఉన్నాయి. నీ మీద ఖర్చుపెట్టకపోవడమే మంచిదైంది."

ఆ నిమిషాన నెమలి మీద తమ్ముడికి మొట్టమొదటిసారి జాలి కలిగింది.